పౌరధర్మం పీరియడ్

"ఈ గది పడగొట్టాలి సార్," అన్నాడు మున్సిపల్ ఆఫీసర్, యజమాని కూర్చున్న గదినే చూపిస్తూ. "ఆరడుగులు ఫుట్‌పాత్ మీదికొచ్చింది. ఫిర్యాదు అందింది."

నోటు పుస్తకాల ఫ్యాక్టరీ యజమాని కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడ్డాడు. ఫ్యాక్టరీ అంతా ఒక ఎత్తు, ఈ గది ఒక్కటీ ఒక ఎత్తు. ఏసీ ఇందులోనే ఉంది, సోఫా ఇందులోనే ఉంది, దండలు వేయించుకున్న ఫొటోలన్నీ ఈ గోడలకే ఉన్నాయి.

"ఎవడండీ ఫిర్యాదు చేసింది?"

ఆఫీసర్ కాగితం ముందుకు తోశాడు. ఎదురు స్కూలు తొమ్మిదో తరగతి. ముప్పై సంతకాలు. కాగితం కూడా ఈ ఫ్యాక్టరీదే.

ఆ తరగతికి ప్రతి శనివారం పౌరధర్మం పాఠం చెబుతున్నది సాక్షాత్తూ ఆయనే. పిల్లలకు నోటు పుస్తకాలు ఊరికే, బదులుగా ఆయనకు వారానికో పాఠం; స్కూలుకీ ఫ్యాక్టరీకీ ఒప్పందం మరి. వీధిలో తప్పు కనబడితే ఊరుకోకండి, అర్జీ పెట్టండి అని బల్ల గుద్ది చెప్పాడు. ఏకు మేకవడమంటే ఏమిటో ఆయనకు ఇప్పుడు తెలిసొచ్చింది. వాళ్లు నిజంగా వింటున్నారని కలలో కూడా అనుకోలేదు.

"పిల్లలు వెనక్కి తీసుకుంటే నేను వెళ్లిపోతాను. లేదంటే మావాళ్లు బయట గడ్డపారలతో రెడీగా ఉన్నారు," అన్నాడు ఆఫీసర్.

యజమాని ఆయాసపడుతూ రోడ్డు దాటి తరగతి గదిలోకి వెళ్లాడు. వెనకే ఆఫీసర్.

"ఏంటి మేడం ఇది? తిరిగి తిరిగి నా గదే దొరికిందా?"

"మీరిచ్చిన హోంవర్కే సార్," అంది టీచరు. "వెనక్కి తీసుకోమని మీరే అడగండి వాళ్లని."

ఆయన అడిగాడు. ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మీ గది అడ్డొచ్చి మేం రోడ్డు మీదికి దిగి నడుస్తున్నాం సార్. మొన్న లారీ అద్దం మా తమ్ముడి భుజానికి తగిలింది."

ఆయనకు నిజంగానే సిగ్గేసింది. ఏసీ గుర్తొచ్చి ఆ సిగ్గు కాస్త చల్లబడింది.

"పుస్తకాలు ఊరికే ఇచ్చారు కదా సార్, పాపం," అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. కొన్ని తలలు ఊగాయి. ఆయన కంటికి మాత్రం అన్ని తలలూ ఊగినట్టే కనిపించింది.

"అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలా, తీసుకోకూడదా, ఓటింగ్ పెడదాం," అంది టీచరు. "రహస్య ఓటు, సార్ నేర్పినట్టే. హాజరుపట్టీలో ముప్పై ఒకటో పేరు సార్‌దే కాబట్టి ఆయనకూ ఓటుంది."

పేపర్లో ఫొటో కోసం గౌరవ విద్యార్థినంటూ పట్టుబట్టి రాయించుకున్న పేరది. ఇన్నాళ్లకు పనికొచ్చిందని ఆయన మురిసిపోయాడు.

"ఒక్క ఓటు ఎక్కువొచ్చినా అదే ఖాయం. తర్వాత మాట మార్చకూడదు సార్," అన్నాడు ఆఫీసర్.

"నేర్పినవాణ్ని, నేనెందుకు మారుస్తానండీ?"

పిల్లలు మోచేతులు అడ్డుపెట్టుకుని రాశారు. ఆయన గోడవైపు తిరిగి రాసి, నాలుగు మడతలు పెట్టి, అందరికీ కనబడేలా సుద్దముక్కల డబ్బాలో వేశాడు. ఆ వేయడంలో కూడా ఒక ఠీవి ఉంది.

ఆఫీసర్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తీసుకోవాలి. తీసుకోకూడదు. తీసుకోకూడదు. తీసుకోవాలి. యజమాని నవ్వు ఒక్కో చీటీకీ కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది.

పదిహేను, పదిహేను. డబ్బాలో ఇంకొక్క చీటీ.

ఆఫీసర్ ఒక్కో మడతా విప్పాడు. మొత్తం నాలుగు.

"తీసుకోకూడదు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆఫీసర్ కిటికీలోంచి తనవాళ్లకు చెయ్యి ఊపాడు; వీధి అవతల గడ్డపార దెబ్బ వినబడింది. టీచరు ఓదార్పుగా, "ఒక్క ఓటేగా సార్, ఎవరో తుంటరి వేసుంటాడు," అంది.

యజమాని తలొంచుకున్నాడు. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ తనకే పడితే చూసేవాళ్లు నమ్మరని, అందం కోసం ఒక్క ఓటైనా ఎదురు పడాలని, ఆ చీటీ రాసింది ఆయనే.