తొందరపడే క్రిస్టల్

ఎనిమిదవగానే మా అపార్ట్‌మెంట్‌లోని, మాత్ర వేళ గుర్తుచేసే మందుల డబ్బాలన్నీ ఒక్కసారే అరుస్తాయి. ఆకాశంలోని ఉపగ్రహం నుంచి వచ్చే సమయం అందరికీ ఒకటే. నా భార్య సుభాషిణి పోకముందు తన చేత్తో చేసి, తన గొంతే పెట్టిన డబ్బా మాత్రం కాస్త ముందే పిలిచేది. అందులో గడియారాన్ని నడిపే క్రిస్టల్ పగిలినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

కోఠీలో దుకాణం నడిపే మల్లీశ్వరి కొత్త క్రిస్టల్ చూపించింది. "ఒక్క సెకను తేడా రాదు సార్."

"అదే వద్దమ్మా. డబ్బాలన్నీ ఒకేసారి అరిచే గోలలో మా ఆవిడ గొంతు వినబడదు."

ఆమె నవ్వి, పారేయడానికి పెట్టినవాటిలో వెతికింది. "గిది టైము కన్న ముందు ఉరుకుతది. వారం వారం సరిచేసుకోవాలె మరి."

"ఆవిడున్నప్పుడూ ఆదివారం నా పని అదే."

మర్నాడు ఎనిమిది కాకముందే, ఆ క్రిస్టల్ బిగించిన డబ్బా ముందు మాత్ర చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏమండీ, బీపీ మాత్ర!"

"వేసుకుంటున్నానే," అన్నాను.

అప్పుడు మొదలైంది అపార్ట్‌మెంట్ గోల.