మోకాళ్ల దగ్గర ఆగిన గౌను

“ఆ గౌనుతో పెళ్లివారి కంట పడ్డావంటే ఈ సంబంధం ఇక్కడితో సరి,” అన్నది కోటేశ్వరి.

నరసమ్మ అద్దం ముందు టోపీ సర్దుకుంటున్నది. టోపీకి కోడిపుంజు తోక ఈక ఒకటి గుచ్చి ఉంది. ఎర్ర గౌను మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. మిగిలిన బట్ట ఏమైందో దర్జీకే తెలియాలి.

ఆ ఏడు, అంటే 1926లో, రంగూన్ సరస్సు ఒడ్డున ఒక అమెరికా దొర హోటలు పెట్టాడు. అక్కడికి వచ్చేవారు మోటారు దిగరు. దేవుడికి నైవేద్యం వచ్చినట్లు తిండి వారి దగ్గరకే రావాలి. తెచ్చే ఆడవాళ్లు ఈ వేషంలోనే ఉండాలి. వీళ్లుండే పబేడాన్ వీధి మొత్తం ముక్కున వేలేసుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు.

“ఈ ఒక్కనాడూ చీర కట్టుకెళితే ఏటి?”

“దొర పనిలోంచి తీసేస్తాడు.”

“మోకాళ్లు చూపించడానికి సిగ్గు లేదేటి?”

“మోకాలికేటి సిగ్గు? అదేటన్నా దొంగతనం చేసిందా?”

స్త్రీధర్మాల మీద అచ్చయిన పుస్తకాలన్నీ చదివిన కోటేశ్వరికి ఈ ప్రశ్నకు జవాబు వాటిలో ఎక్కడా కనిపించలేదు.

“సాయంత్రం వాళ్లొచ్చేసరికి చీరలో ఉండాలి.”

“ఉంటాన్లే.”

ఉండలేదు. నది అవతలి సిరియం నుంచి పెళ్లికొడుకు దాసు, అతని తల్లి రాజ్యం పడవ దిగి, చెప్పిన వేళకు ముందే వచ్చేశారు. పెళ్లిచూపులకు ముస్తాబైన కోటేశ్వరి తల వంచుకుని చాపమీద కూర్చుంది. అప్పుడే పని నుంచి నరసమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఈక, గౌను, మోకాళ్లు, సమస్తం.

నరసమ్మ లోపలికి వెళ్లి టీ గ్లాసులు పళ్లెంలో పెట్టి, ఒంటిచేత్తో భుజం మీదికెత్తి, చుక్క తొణకకుండా తెచ్చి అందించింది.

రాజ్యం ఆ మోకాళ్లను కాసేపు పరీక్షగా చూసింది.

“రోజూ ఈ యేసమేనా?”

“రోజూనండి. ఇప్పితే కూడు పోతాది.”

“నూనె కంపెనీలో డబ్బాలు మోసినప్పుడు నేనూ చీర ఇంతమట్టుకే ఎగదోపేదాన్ని. నాకు ఈకొక్కటే తక్కువ.”

దాసు టీ గ్లాసులోకే నవ్వాడు. కోటేశ్వరి మాత్రం తల ఎత్తలేదు.

రాజ్యం గ్లాసు కింద పెట్టి ఆమె వైపు తిరిగింది.

“ఇంక తలెత్తు పెళ్లికూతురా, మా దాసుకి నువ్వు నచ్చావు, నాకు మీ అమ్మ నచ్చింది.”