నాలుగు వారాల ప్రకటన

"ఇవాళ్టితో గడువు అయిపోతుంది," అంది భార్య, లాప్‌టాప్‌లో ఆ ప్రకటన మళ్లీ చదువుతూ.

ఒక విదేశీ మ్యాపింగ్ కంపెనీ ఆమె భర్తను ఎంచుకుంది. కానీ వీసాకు స్పాన్సర్ చేయాలంటే, అదే ఉద్యోగాన్ని ముందు నాలుగు వారాలు అక్కడివాళ్ల కోసం ప్రకటించాలి. తగినవాడు ఒక్కడు దొరికినా ఇతనికి వీసా లేదు. అందుకే కంపెనీవాళ్లు ఇతని బయోడేటా ముందు పెట్టుకుని ప్రకటన రాశారు.

"చేత్తో గీసిన పాత మ్యాపుల్ని ఉపగ్రహ చిత్రాల మీద కూర్చాలి. పూడిపోయిన కాలువల ఆనవాళ్లు పట్టాలి. అచ్చు గుద్దినట్టు మీరే. భూతద్దం పెట్టి వెతికినా ఇంకొకడు దొరకడు."

ఫోన్ మోగింది. ఒకప్పుడు ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్. ఆ దేశం వెళ్లి అక్కడి పౌరుడైపోయాడు. వీసా చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని భార్య అంటే, ఆయనకు కూడా చెప్పలేదు.

"తమ్ముడూ, నా ఉద్యోగం పోయి ఏడాదైంది. నిన్న ఒక ప్రకటన చూశాను రా. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది. వెంటనే అప్లై చేశాను. పాత కాలువల పని నాకు వచ్చని ఎవరైనా ఉత్తరం ఇవ్వాలట. రాసిస్తావా?"

"రాసిస్తాను అన్నా."

"నీ సంగతులేంటి?"

"ఏముంటాయి అన్నా. మామూలే."

ఫోన్ పెట్టేశాడు.

"ఎవరండీ?"

"నాకు పని నేర్పినాయన."

ఆమె తెర వైపు చూసింది. "ఇందులో ఏది నేర్పాడు?"

అతను లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. ప్రకటన పక్కనే ఖాళీ పేజీ తెరిచి, మొదటి వాక్యం నుంచి ఉత్తరంలోకి ఎక్కించసాగాడు.