ఎవలొచ్చినా సాలు

"సార్ చాయల చక్కెర వెయ్యకు తాతా. ఆయనకు షుగరున్నది" అన్నది వందన.

"చక్కెర ఎందుకేస్త బిడ్డా? నువ్వు ఊ అంటే ఎండ్రిన్ మందు ఏస్త" అన్నడు బుచ్చిరాములు, గిన్నె స్టవ్వు మీదికెల్లి దించుకుంట.

వందన గ్లాసులు కడిగి వరుసగ పెట్టింది.

సిద్దిపేటల ఒక డిగ్రీ కాలేజీకి బుచ్చిరాములు ముప్పై ఏండ్ల సంది అటెండరు. మాట తక్కువ మనిషి. ఇయ్యాల మాత్రం కోపం ఆగుతలేదు. వందన గా కాలేజీలనే ఎకనామిక్స్ చెప్పే గెస్టు లెక్చరరు, మగ్గం నేసేటోళ్ల పిల్ల. హైదరాబాద్‌ల ఓంప్రకాశ్ సార్ కింద పీహెచ్‌డీకి చేరింది. పల్లెల్ల కబడ్డీ పోటీలు పెడితే చందాలు ఏడికెల్లి వస్తయి, బహుమతులకు ఎంత పోతది, చాయ బండోళ్లు, మిర్చి బజ్జీలోళ్లు, ఆటోలోళ్లు ఎంత సంపాయిస్తరు అని నలభై ఊర్ల ముచ్చట. మూడేండ్లు రాసింది. గా మూడేండ్లు పదకొండింటికొకటి, నాలుగింటికొకటి లైబ్రరీల ఆమె ముందట చాయ పెట్టింది బుచ్చిరాములే. ఆదివారాలు సుత తాళం తీపిచ్చుకొని కూసునేది. తల ఎత్తకుంట రాసేది.

రాసిందంత తీస్కపోయి చేతుల పెడితే, స్థాయి లేదని సార్ పీహెచ్‌డీల కెల్లి ఆమె పేరే కొట్టేసిండు. ఏడాది తిరగకముందే గదే రాతను తన పేరు మీద ఇంగ్లీషు పుస్తకం ఏసుకున్నడు. గా పుస్తకం బలంతోటే వచ్చే వారం యూనివర్సిటీల ఆటల ఎకనామిక్స్ మీద పెట్టే కొత్త సెంటరుకు డైరెక్టరు అయితుండు.

గసొంటోన్ని వందననే కాలేజీకి ఉపన్యాసానికి పిలిచింది. పోయిన వారమే బుచ్చిరాములును పక్కకు తీస్కపోయి అడిగింది.

"తాతా, పడుసుతనంల కబడ్డీ ఆడినోనివి. పోటీలు పెట్టేటోళ్లు నీకు ఎరుకే గదా. సార్ ముందట కూసోనీకి నలుగురిని పిలువు."

"ఏ ఊరోళ్లను బిడ్డా?"

"మన చుట్టుపక్కల ఊర్లన్ని పుస్తకంల ఉన్నయి. ఎవలొచ్చినా సాలు."

బుచ్చిరాములు ప్రజ్ఞాపూర్ ఇస్తారికి ఫోన్ కొట్టిండు. మర్కూక్ దిక్కు రాజనర్సుకు కొట్టిండు. ఇంకో ఇద్దరికి కొట్టిండు. రాజనర్సు ఇప్పుడు గజ్వేల్ కాడి కొత్త కాలనీల ఉంటుండు. నోరు పెద్దది, గందుకే పిలిచిండు.

కారు ఆగింది. ఓంప్రకాశ్ దిగంగనే వందన వంగి కాళ్లు మొక్కింది. బుచ్చిరాములు పండ్లు పటపట కొరికిండు.

"జరిగిందేదో జరిగింది వందనా. పెద్ద మనసు చేసుకున్నావు" అన్నడు సార్, చాయ చప్పరించుకుంట. "సెంటర్ రానీ, నీకూ ఏదో ఒకటి చూస్తాను."

"మీ దయ సార్. ఒక్కటే కోరిక. ప్రతి ఊరికి మీరే పోయి చూసిన్రని మా పిల్లలకు మీ నోటితోని చెప్పాలె."

"అదెంత పని!"

చెప్పిండు. రెండు వందల మంది పిల్లల ముందట మైకు పట్టుకొని చెప్పిండు. ఎండల నిలవడ్డ అన్నడు, దుమ్ము మింగిన అన్నడు. తెర మీద ఊర్ల పేర్లు వరుసగ వచ్చినయి. పేపరోళ్లు ఇద్దరు ఫోన్‌లల్ల వీడియో తీస్తున్నరు.

"మా కాడ గెలిచినోళ్లకు పొట్టేలు ఇస్తిమి. గీయన కప్పు అంటుండేంది?" అని ఇస్తారి గొణిగిండు.

"నువ్వు ఊకో" అన్నడు బుచ్చిరాములు.

తెర మీద తుమ్మబండ అని పడంగనే రాజనర్సు లేసిండు.

"సారూ, మాది తుమ్మబండనే. గాడికి మీరే వచ్చిన్రా?"

"నేనే వచ్చాను. స్వయంగా."

"ఎన్నడు?"

"ఇక్కడే ఉంది కదా. రెండు వేల ఇరవై రెండు, ఫిబ్రవరి ఆరు. ఆదివారం."

"మంది బాగొచ్చిన్రా?"

"పదకొండు వందల మంది. మంచి ఆట."

"చాయ తాగిన్రా మరి?"

"తాగాను. మీ ఊరి చాయ చాలా బాగుంది."

రాజనర్సు తువ్వాల భుజం మీదికెల్లి తీసి దులిపిండు.

"మా ఊరు రెండు వేల ఇరవైల్నే కొండపోచమ్మ సాగర్ ప్రాజెక్టు నీళ్లల్ల మునిగింది సారూ. ఇరవై రెండుల గాడ కబడ్డీ ఆడితే చేపలే ఆడాలె. మీకు చాయ పోసింది ఎవలో?"

హాలు మొత్తం గొల్లున నవ్వింది. ఓంప్రకాశ్ మొకం మాడిన రొట్టె లెక్కయింది. "అది నేను కాదు... మా స్కాలర్..." అని వందన దిక్కు చెయ్యి లేపిండు. లేపిన చెయ్యి గట్లనే ఆగింది. ఆమె రాసిందంటే తను దొంగ. తనే రాసిన అంటే అబద్ధాలోడు. పేపరోళ్ల ఫోన్లు మొకం మీదికి వచ్చినయి. మైకు కింద పెట్టి, వెనుక తలుపుల నుంచి పోయి కారెక్కిండు.

సాయంత్రం వరకు ఊరంత గదే ముచ్చట. రాజనర్సు మాట ఫోన్లల్ల తిరుగుతుంది. సెంటరు కొలువు ఇగ ఆయనకు రాదని ప్రిన్సిపాలే అన్నడు.

బుచ్చిరాములు రెండు గ్లాసులల్ల చాయ పోసి, రెండు చెంచల చక్కెర ఎక్కువేసి వందన ముందట పెట్టిండు. ముప్పై ఏండ్లల్ల అన్ని మాటలు ఎన్నడు మాట్లాడలేదు.

"ఏం ఉపాయం బిడ్డా! వాడు ఎత్తుకపోతడని ముందుగాలనే మునిగిన ఊరిని ఇరికిచ్చి పెట్టినవ్. కానీ ఒక్క ముచ్చట సమజైతలేదు. నేను రాజనర్సును పిలువకపోతే ఎట్లుండె? గా దొంగ తప్పిచ్చుకొని పోతుండె గదా?"

వందన చాయ ఊదుకున్నది.

"గా ఊరు మునిగిందని నాకు సుత ఇయ్యాలనే ఎరుకైంది తాతా."

"ఏందీ?"

"ఎవలొచ్చినా సార్ దొరుకుతుండె."

"గదెట్ల బిడ్డా?"

వందన గ్లాసు ఖాళీ చేసి, మెల్లగ బల్ల మీద పెట్టింది.

"నేను ఒక్క ఊరికి సుత పోలే."