చూపుల శిక్షణ

ప్రభుత్వ ఖర్చుతో సర్జరీ నేర్చుకోవడానికి కాకినాడలోని ఒక ఆసుపత్రిలో చేరి సువర్చలకు మూడేళ్లు నిండాయి. ఆపరేషన్లన్నీ రోబోలే చేస్తాయి. ఆమె పక్కన నిలబడి చూస్తుంది.

ఆ ఉదయం పెద్ద డాక్టరు భాస్కరమూర్తి ‘శిక్షణ పూర్తయింది’ అన్న కాగితం ముందుకు తోశారు. "సంతకం పెట్టమ్మా. లేకపోతే వచ్చే ఏడు ప్రభుత్వం మన ఆసుపత్రికి శిక్షణ సీటివ్వదు."

"నేనింతవరకు ఒక్క కుట్టయినా వెయ్యలేదు సార్! నేర్పే బాధ్యత మీది కాదా?"

"రోబో ఉండగా నీచేత ఎవరు కోయించుకుంటారు?"

సువర్చల విసురుగా వార్డులోకి వెళ్లి మంచం మంచం దగ్గరా అడిగింది. పదకొండు మంది తల తిప్పుకున్నారు. చివరి మంచం మీద, వీపున కంతి తీయించుకోవడానికి వచ్చిన చేపలమ్మే నూకాలమ్మ నవ్వింది.

"చేప కొయ్యడం నేను సూత్తా నేర్సుకున్నానా? నువ్వే కొయ్యమ్మా. పెద్దాయన్ని మాత్రం పక్కనుండమను."

ఆ మాట చెబితే భాస్కరమూర్తి తలెత్తలేదు.

"నేనూ కత్తి పట్టక తొమ్మిదేళ్లయిందమ్మా," అన్నారు.