ఒక్క నిమిషం తల్లీ

"ఒక్క నిమిషం తల్లీ," అన్నాడు ప్రధాన సంపాదకుడు, కంప్యూటరు మీంచి కళ్లు తిప్పకుండానే.

లెక్కల పుస్తకం పట్టుకుని నిలబడ్డ కూతురు కాసేపు చూసింది. తర్వాత వెళ్లి కిటికీ దగ్గర బామ్మ కుర్చీ పక్కన కూలబడింది.

బామ్మ చేతి గడియారం చూసుకుని ఒళ్లోని నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. ఆవిడ ముప్ఫై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసింది. ఆ రోజుల్లో ఇంటికి కూడా జవాబు పత్రాల కట్టలు మోసుకొచ్చేది. రిటైరయ్యాక చేతులు ఊరుకోక పదకేళీల మీద పడింది. ఏది ఎన్ని నిమిషాల్లో పూరించిందో రాసి పెట్టుకోవడం ఆవిడకో పంతం. ఈమధ్య మనవరాలి దగ్గర ఫోనూ, కంప్యూటరూ కూడా నేర్చుకుంది.

కొడుక్కి మాత్రం తల ఎత్తే తీరిక లేదు. విద్యా పరిశోధనలో పేరున్న అంతర్జాతీయ పత్రిక అది. ఏడేళ్లుగా ఆ బరువు అతని మెడ మీదే ఉంది. సాయంత్రం ఐదింటికి సంచిక అచ్చుకి వెళ్లిపోవాలి. పొద్దున్నే ఒక పెద్దాయన, తన పట్టికల్లో తప్పులు దొర్లాయంటూ వ్యాసం వెనక్కి తీసేసుకున్నాడు. ఇరవై మూడేళ్లలో ఒక్క సంచికా ఆగలేదు. ఆగితే తన హయాంలోనే ఆగినట్టు.

ఆ చోటు నింపడానికి మిగిలింది ఒకే ఒక్క వ్యాసం. ఇద్దరు సమీక్షకుల్లో ఒకరు వేసేయమన్నారు, మరొకరు పారేయమన్నారు. తీర్పు అతనిది. రాసిందెవరో అతనికీ తెలియదు. ఒప్పుకునేదాకా పేరు సంపాదకుడికి కూడా కనబడకూడదన్నది ఆ పత్రిక నియమం. మొహమాటాలు భరించలేక తనే పెట్టాడు. మీట నొక్కగానే ఉత్తరం దానంతటదే రచయితకి వెళ్లిపోతుంది. పేరు బయటపడేది ఆ తర్వాతే.

"సంపాదకుడయ్యారంటే ఏదో సంపాదిస్తారనుకున్నాను," అంది భార్య, టీ కప్పు బల్ల మీద పెడుతూ.

"తలనొప్పి సంపాదించాగా!"

"అందులో సగం నాకే ఇచ్చారు. ఇంతకీ ఏమిటిట ఆ వ్యాసం?"

"ఓ ఇంటి కథ. తండ్రి చదువుల నిపుణుడు. పిల్లలతో ఎలా మాట్లాడాలో ఊరూరా ఉపన్యాసాలిస్తాడు. సొంత కూతురు అడిగిన వాటికి జవాబు చెప్పడానికి, నలభై రెండు రోజుల్లో ఎంతసేపు కేటాయించాడో తెలుసా? తొంభై ఆరు నిమిషాలు!"

"అంతిచ్చాడా? నయమే."

"నవ్వులాట కాదు. కసురుకుంటే కనీసం తెలుస్తుంది. ఈ మహానుభావుడు మెత్తగా వాయిదా వేస్తాడుట."

"నాన్నా, ఆరో లెక్క..."

"ఒక్క నిమిషం తల్లీ."

బామ్మ మళ్లీ గడియారం చూసుకుంది.

"ఎవరిల్లో నాకు తెలిసిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి. "మా సహసంపాదకుడిది. రాసింది వాళ్లావిడే అయ్యుంటుంది."

"భార్యలకంత తీరికెక్కడిదండీ?" అని ఆవిడ ఖాళీ పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

అతను కళ్లు నులుముకున్నాడు. చివరి పేజీలో ఒక వాక్యం ముల్లులా గుచ్చుకుంటోంది: 'ఈ తండ్రి తప్పుకన్నా ఇతన్ని పెంచినవారి తప్పు పెద్దది.' పారేయమన్న సమీక్షకుడు దాని పక్కనే, 'ఆధారం ఏది? అసలింత చదువుకున్న తండ్రి ఇలా ఉంటాడా?' అని రాశాడు.

"అమ్మా, అన్నేళ్లు బడి నడిపావుగా. ఇలాంటి తండ్రులుంటారంటావా?"

"ఉంటారు నాయనా," అంది ఆవిడ తలెత్తకుండా.

"అయితే పెంచినవాళ్లని అనడం దేనికి?"

ఆవిడ నోటుపుస్తకం మూసి, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నువ్వు వేస్తే వెయ్యి, లేకపోతే మానెయ్యి. ఆ వాక్యం మాత్రం తీసెయ్యకు."

గడియారం ఐదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అతనికి సంచిక సంగతి పక్కకి పోయి, ఎవరింట్లోనో పుస్తకం పట్టుకుని నిలబడ్డ పిల్ల కళ్లముందు మెదిలింది. అక్షరం తీయకుండా 'అంగీకరించడమైనది' అన్న మీట నొక్కి, కుర్చీ వెనక్కి తిప్పాడు.

"ఏదమ్మా నీ ఆరో లెక్క, తీసుకురా."

కూతురు కదల్లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బామ్మ ఒళ్లోకే చూస్తోంది.

బామ్మ ఫోను టింగుమంది.