కుడివైపు అర

"ఉన్నది ఒక్క పొయ్యి, ఇద్దరెందుకు? శనివారం ఎవరి రొట్టెలు మిగిలితే వాళ్లు ఇంటికే," అన్నాడు బేకరీ ఓనరు.

"నన్ను పంపిస్తే ఈ పొయ్యి రాజుకోనని మొండికేస్తుంది, చూస్కో అబ్బాయ్!" అన్నాడు పొయ్యి బాబాయి. తను కాల్చిన రొట్టె వాసనకి ఓసారి బస్సు దారి తప్పి షాపు ముందు ఆగిందని చెప్పుకునే మనిషి.

ఎడమవైపు అర బాబాయి రొట్టెలది. కుడివైపుది కొత్తమ్మాయిది. చూడ్డానికి అన్నీ ఒకటే అచ్చు.

చేరిన కొత్తలో ఆ అమ్మాయి పిండి ముందు కూర్చుని ఏడ్చింది. "నా చేతికి ఏదీ రాదు బాబాయ్."

"చేతికేం, భేషుగ్గా ఉంది. నీకు బెదురే వదల్లేదు. ట్రేలు తీసి అరల్లో సర్దడం నాకొదిలెయ్. వేడి, దగ్గరికి రాకు."

వారం తిరక్కుండా కుడివైపు అరే ముందుగా ఖాళీ అవడం మొదలైంది. "అబ్బ, దూదిపింజే!" అని జనం మెచ్చుకుంటుంటే అమ్మాయి తలెత్తి నడిచేది. బాబాయి మీసం మెలేసేవాడు.

ప్యాకింగ్ అక్కకి ఒళ్లు మండిపోయేది.

"నిన్నగాక మొన్నొచ్చింది నీ నెత్తినెక్కితే మీసం తిప్పుతావేంటి బాబాయ్? దాని పిండిలో గుప్పెడు ఉప్పు కొట్టు!"

"నా చెయ్యి మీద నాకు అనుమానముంటే కదే, ఇంకొకళ్ల పిండి పాడుచేసేది!"

శనివారం పొద్దున్నే ఓనరు మళ్లీ వచ్చి నస పెట్టాడు. బాబాయి అతనితో నువ్వెంతంటే నువ్వెంతని వాదిస్తూనే ట్రేలు సర్దేశాడు.

మధ్యాహ్నానికి కుడివైపు అర ఊడ్చినట్టయింది. ఎడమవైపు సగానికి సగం అలాగే ఉంది.

"చూశావా?" అన్నాడు ఓనరు.

"చూశాలే. పంపెయ్! నా చేతులు నావెంటే వస్తాయి." బాబాయి పకపకా నవ్వాడు.

అంతలో రోజూ వచ్చే టీచరమ్మ, పొద్దున కొన్న రొట్టె అప్పుడే అయిపోయిందని, ఆయాసపడుతూ వెనక్కొచ్చింది. కుడివైపు అర వంక చెయ్యి చాపింది.

"ఇన్నాళ్లూ బాగుండేది. ఇవాళ్టిది మాత్రం అంతకు మించి! ఎవరమ్మా చేసింది?"

అలవాటు కొద్దీ మీసం మీదికి వెళ్లిన బాబాయి చెయ్యి అక్కడే ఆగిపోయింది. మొట్టమొదటిసారి కడుపులో భగ్గుమంది: రోజూ తన ట్రేలు అమ్మాయి అరలో, అమ్మాయివి తన అరలో పెడుతూ వచ్చిన మనిషి, పొద్దున ఆ గొడవలో పడి మార్చడం మర్చిపోయాడు.